గొంతు అందుకున్నవాళ్ళు

ఎర్రదీపం వెలిగింది. ఇక ఈ గదిలో దగ్గినా తప్పే, తుమ్మినా తప్పే. పాత రోజుల్లో నలుగురం ఒకే మైకు చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడేవాళ్ళం, ఇవాళ మాత్రం నాకు మూలన ఎత్తుపీట వేసి, పక్కనే ఇంకో మైకు పెట్టారు, ఆపరేషనైన మనిషి, గంటసేపు నిలబడలేదేమోనని. ఎంత దయ. ఈ దయంతా చలికాలంలో ఏ గూట్లో దాచిపెట్టారో. వచ్చీ రాగానే వదిన నా చెయ్యి పట్టుకుని "ఎంత చిక్కిపోయావే, గొంతెలా ఉంది" అంది, నేను బొటనవేలు పైకెత్తి చూపించి ఊరుకున్నాను. చప్పుళ్ళాయన తన టీ కప్పు నా ముందుకి తోశాడు. బాబాయ్ మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా, "వచ్చావా తల్లీ, నీ మాట చివర్లోనే, ఒక్క మాటే" అన్నాడు. నాకు తెలుసు. ఆ ఒక్క మాట కోసమే వచ్చాను, చెప్పడానికి కాదు, చెప్పకుండా ఉండటానికి. హాజరు పిలిచినప్పుడు పలకను. ఇది లైవ్, వెనక్కి తిప్పి దిద్దుకోవడం కుదరదు. రేడియోలో పాట ఆగితే ఏదో రిపేరు అనుకుంటారు, మనిషిని పిలిచాక ఆ మనిషి పలకకపోతే వినేవాళ్ళ గుండె జారుతుంది. జారనీ. ఇన్నేళ్ళ నాటకం, చివరి భాగం, చివరి నిమిషం, అందరూ వింటుండగా ఈ ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని నిలబడాలి. అది కళ్ళారా చూసి నా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోతాను.

మాకెవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు. బాబాయ్ రిటైరైన లెక్కల మాస్టారు, ఈ నాటకం రాసేదీ, నడిపేదీ, ఓడ కెప్టెన్‌గా పలికేదీ ఆయనే. వదిన పగలంతా పళ్ళ డాక్టరు పక్కన నిలబడి జనం నోళ్ళలో ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుంటుంది, సాయంత్రం ఇక్కడికొచ్చి ఓడకి చుక్కాని పడుతుంది. చప్పుళ్ళాయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఇక్కడ ఓడ తలుపులూ ఇంజనూ ఉల్కల వానా అన్నీ ఆయన చేతుల్లోని రేకు పళ్ళేలూ పాత గొడుగులే, పైగా ఏదో గ్రహం నుంచి వచ్చి ఓడెక్కిన జీవి వేషం కూడా ఆయనదే, నీళ్ళగ్లాసులో గొట్టం పెట్టి ఊదుతూ మాట్లాడతాడు. నేను బస్టాండులో ప్రకటనలు చదివేదాన్ని, ఆకాశంలో తిరిగే ఈ ఓడలో మరమ్మతుల మనిషిని. ఓడలో పేర్లు లేవు, కెప్టెన్ పని పేరుతోనే పిలుస్తాడు. ప్రతి భాగం ఆఖర్న, ఓడ చీకట్లోకి కదిలేముందు హాజరు. చుక్కాని? ఉన్నా. జీవీ? బుడబుడమంటూ, ఉన్నా. మరమ్మతు? ఉన్నా. నేనూ ఉన్నా, పదండి. అంతే, సంగీతం. ఉద్యోగమంతా బడిలో హాజరు పిలిచిన అలవాటు కొద్దీ, ముగింపేదీ తోచక, మొదటి భాగంలో రాశాడు బాబాయ్ దాన్ని. తర్వాత్తర్వాత కథ ఎక్కడుందో మరిచిపోయినవాళ్ళు కూడా ఆ హాజరు కోసం రేడియో పెట్టేవాళ్ళు.

ఎందుకంత ఇష్టమో నాకు తెలుసు, ఫోన్లు చేసి చెప్పేవాళ్ళు కదా. ఒకావిడ గిన్నెలు తోముకుంటూ చుక్కాని తర్వాత తనూ ఉన్నా అనేదట, ఆ ఇంట్లో ఆవిడ ఉందో లేదో అడిగే నాథుడు లేడట. హాస్టల్లో ఉండే ఒకతను జీవి తన సొంత తమ్ముడే అన్నాడు, తన మాట కూడా ఎవరికీ అర్థం కాదట. ఆకాశంలో ఓడ అంటే జనానికి కావలసింది రాకెట్లూ గ్రహాలూ అనుకుంటాం గానీ అవెవరిక్కావాలి, అక్కడ ఎవరూ మీవాళ్ళెవరు, ఎవరి పిల్లవి, పెళ్ళయిందా అని అడగరు, దిగిపోదామన్నా దిగే చోటుండదు, ఉన్న కాస్త గాలీ ఒకరు పీల్చి వదిలిందే ఇంకొకరు పీల్చాలి, అలిగినా మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చుని తినాలి. ఇంట్లో అయితే పుట్టాం కాబట్టి ఉంచుకుంటారు, నసుగుతూ ఉంచుకుంటారు. ఓడలో ఏరికోరి ఉంచుకుంటారు, అంతకన్నా అసలు సంగతి, పనికిరాకుండా పోయినా ఉంచుకుంటారు. ఒక్క మనిషి ఏ రాళ్ళగ్రహం మీదో తప్పిపోతే, ఇంధనం చాలదని తెలిసి కూడా మిగతావాళ్ళు ఓడని వెనక్కి తిప్పుతారు. బాబాయ్ అలాంటి భాగాలు ఎన్ని రాశాడో, ప్రతిసారీ మైకు ముందే కొంగుతో కళ్ళు తుడుచుకునేదాన్ని. సొంత అన్నయ్య ఇంట్లో ముందుగదిలో మడతమంచం మీద పడుకుని, పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, ఆ మంచం మడిచి తలుపు వెనక పెట్టేసి, అక్కడ ఎవరూ పడుకోలేదన్నట్టు చేసే మనిషితో నీ కోసం ఓడ తిప్పుతున్నాం అంటే ఎలా ఉంటుంది? నాటకమని తెలుసు. తెలిసే నమ్మాను. బుద్ధి గడ్డి తింది.

చప్పుళ్ళాయన రేకు పళ్ళెంలోకి గుప్పెడు మేకులు వదులుతున్నాడు, ఉల్కలు మొదలయ్యాయన్నమాట. వదిన పేజీ తిప్పింది, కాగితం చప్పుడవకుండా అంచు పట్టుకుని పైకెత్తి పక్కకి దించడం మా అందరికీ బాబాయే నేర్పాడు. ఇంకొకటి కూడా నేర్పాడు, అందుకోవడం. ఎవరికైనా దగ్గొచ్చినా, వరస తప్పినా, కళ్ళు తిరిగినా ఓడలో మౌనం ఉండకూడదు, పక్కనున్నవాళ్ళు వెంటనే ఆ మనిషి గొంతుతోనే ఆ మాట అందుకోవాలి. అందుకని మొదటి ఏడాదంతా టీలు తాగుతూ ఒకరి గొంతు ఒకరం నేర్చుకున్నాం. వదినది ముక్కులోంచి వస్తుంది, వాక్యం చివర పైకెత్తి వదిలేస్తుంది. నాది మాటకి ముందు చిన్న నవ్వుంటుందట, అది నాకే తెలీదు, వదిన పట్టుకుంది. ఒకసారి వదినకి ఆగకుండా తుమ్ములొస్తే ఒక సీనంతా ఆమె గొంతుతో నేనే నడిపించాను, వినేవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. ఆ సాయంత్రం నన్ను వాటేసుకుని "నేను పోయినా నా గొంతు నీ దగ్గర భద్రంగా ఉంటుందే" అంది. అది ప్రేమే అనుకున్నాను. ప్రేమే, కాదనను, నన్ను అంత దగ్గరగా విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అందుకే ఇప్పుడు కడుపు ఇంతగా మండుతోంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు చేసి ఉంటే పోనీలే అనుకునేదాన్ని.

గొంతులో గడ్డ అన్నారు. కోసి తీసేయాలి, తీశాక మాట వస్తుందో రాదో, వచ్చినా ఏ గొంతు వస్తుందో చెప్పలేం అన్నారు. మెడకి కట్టు, చేతికి పలక. బాబాయ్ ఫోన్ చేస్తే నర్సు దాన్ని నా చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. "నీ చోటు ఖాళీగానే ఉంచాం తల్లీ, నువ్వొచ్చేదాకా ఇంకెవరూ మరమ్మతు కారు, నిశ్చింతగా పడుకో" అన్నాడు. నేను తలూపాను. ఫోన్లో తలూపితే ఎవరికి కనపడుతుంది, నర్సు నవ్వింది. నిజంగానే నిశ్చింతగా పడుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం పక్క మంచం ఆవిడ తలగడ పక్కన చిన్న రేడియోలో ఓడ మొదలైంది. నేనెవరో ఆవిడకి తెలీదు. మరమ్మతు కనపడటం లేదని ఎవరు ముందు గమనిస్తారో, నా కోసం ఏ గ్రహం దగ్గర ఆగుతారో, ఎలా వెతుకుతారో అని చిన్నపిల్లలా చెవులు రిక్కించాను. ఎవరూ వెతకలేదు. నేను అక్కడే ఉన్నాను. ఇంజను గదిలో పానా పట్టుకుని జోకులేస్తున్నాను. మాటకి ముందు ఆ చిన్న నవ్వు, అచ్చం నాదే. చుక్కాని? ఉన్నా. జీవీ? ఉన్నా. మరమ్మతు? ఉన్నా, అంది నా గొంతు. ఇక్కడ నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు, అక్కడ, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నా గొంతు హాయిగా హాజరు పలుకుతోంది. పక్కావిడ కూడా దానితో పాటు ఉన్నా అని, నా వైపు తిరిగి "ఈ అమ్మాయి మాట వింటే ప్రాణం లేచొస్తుందండీ" అంది. దానికీ తలూపాను. డాక్టరు నా గొంతు కత్తితో కోశాడు, చెప్పి కోశాడు. వీళ్ళు తడిగుడ్డతో కోశారు.

మిగతాదంతా చప్పుళ్ళాయన చెప్పాడు, బస్టాండులో లిఫ్టు బాగుచేయడానికొచ్చి. డాక్టరింకా మాట్లాడొద్దన్న రోజులు, బస్టాండువాళ్ళు నన్ను ప్రకటనల నుంచి తీసేసి పోయిన సామాన్ల కౌంటర్లో కూర్చోబెట్టారు, గొడుగులూ సంచులూ ఒంటి చెప్పులూ, వాటితో మాట్లాడక్కర్లేదు కదా. ఇక్కడ నాటకంలో నా చోటుకి వీళ్ళు, వ్యాపార ప్రకటనలకి గొంతిచ్చే కొత్తమ్మాయిని ఎవరినో తెచ్చారట. బాబాయ్ దగ్గరుండి నా పాత భాగాలు వేసి వేసి వినిపించి ఆ నవ్వు నేర్పించాడట, వదిన ఇంకాస్త ముందు నవ్వాలమ్మా అని దిద్దిందట. పుండు మీద కారం చల్లుతున్నానని ఆ పిచ్చి మనిషికి తెలియను కూడా తెలియదు, స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ "నీ లోటు తెలియనివ్వలేదమ్మా, ఒక్కరు కనిపెడితే ఒట్టు" అన్నాడు, మెచ్చుకుంటాననుకున్నాడు. నా లోటు తెలియనివ్వలేదు. అందుకున్నాం అనుకున్నారు వీళ్ళు. తుమ్ములొచ్చిన మనిషికీ, మెడ కోసిన మనిషికీ ఒకటే వైద్యం. కనీసం మరమ్మతుని చంపేసినా నాకింత కోపం వచ్చేది కాదు, చంపితే రెండు భాగాలైనా ఏడుస్తారు, హాజరులో నా వంతు దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతారు. ఆస్పత్రికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు, మొహం చెల్లక రాలేదట. మరి వచ్చిందెవరు, అన్నయ్య. ఏ అన్నయ్య గురించి వీళ్ళ దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి ఏడ్చానో ఆ అన్నయ్య రోజూ వచ్చాడు. బండి పెట్టుకోవడానికి చోటు లేదని గొణుక్కుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుని, వెళ్ళేటప్పుడు "ఏమైనా కావాలా" అని అడిగి, నేను పలక మీద రాసేలోపే గుమ్మం దాటేవాడు. దాన్ని ప్రేమ అనను. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే. చివరికి నా చేత అన్నయ్యని మెచ్చుకునేలా చేశారు వీళ్ళు, ఈ పాపం కూడా వీళ్ళ ఖాతాలోదే.

కొత్తమ్మాయికి ఇంకెక్కడో మంచి పని దొరికి చెప్పాపెట్టకుండా పోయిందట. అప్పుడు మరమ్మతుని మంచుపెట్టెలో పడుకోబెట్టారు, ఓడలో శీతలనిద్ర అంటారు దాన్ని, చివరి భాగంలో లేస్తుందట. చేతులు కాలాక ఆకులు. బాబాయ్ మళ్ళీ ఫోన్, నేను ఎత్తలేదు, అప్పుడు మెసేజ్, నువ్వు లేకుండా ముగింపేమిటి తల్లీ, మనం మనం ఒకటి అని. సరే బాబాయ్ అని టైపు చేశాను. నా కొత్త గొంతు ఈ గదిలో ఎవరూ వినలేదు, వినిపించే ఉద్దేశమూ లేదు. పాతదే ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు తిరిగొచ్చిందనుకుంటున్నారు కాబోలు, బొటనవేలు చూపించాను కదా.

ఇదిగో, మంచుపెట్టె సీను. వదిన "పెట్టె తెరుచుకుంటోంది కెప్టెన్" అనాలి, నా వైపు చూసింది, ఆగిపోయింది. మాట రావడం లేదు ఆమెకి, కళ్ళలో నీళ్ళు తిరిగి కాగితం కనపడటం లేదు. నా ఛాతీ దానంతటదే ఊపిరి నింపుకుంది, అలవాటు, ముక్కులోకి ఎత్తి చివర వదిలేయాలి, నోరు కూడా సగం తెరుచుకుంది, అప్పుడు గుర్తొచ్చింది, నాకిక రాదది. వదిన నా దగ్గర దాచుకున్న గొంతు కూడా ఆ గడ్డతో పాటే పోయింది. ఎవరూ అందుకోలేదు. గదిలో గాలిపంకా కూడా లేదు, అంత మౌనం, అద్దం వెనక స్టూడియో ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు, చప్పుళ్ళాయన కంగారులో పళ్ళెం కింద పడేశాడు, ఆ మోతలో బాబాయ్ "తెరుచుకుంది, నాకు కనపడుతోంది" అని ఏదో కలిపి లాక్కొచ్చాడు. వదిన నుదురంతా చెమట. తియ్యగా ఉంది, ఉన్నమాటే చెప్తున్నాను, ఈ కాస్తకే ఇంత తియ్యగా ఉంటే అసలుది ఎలా ఉంటుందో. గిన్నెలు తోముకునే ఆవిడ గుర్తొచ్చింది, నా పక్క మంచం ఆవిడ కూడా, వాళ్ళేం పాపం చేశారు, హాజరు దగ్గర నా మౌనం ముందు వాళ్ళ ఇళ్ళలోనే కదా పడేది. చేయలేదు పాపం, నిజమే. కానీ చలికాలమంతా వాళ్ళు ఎవరో నకిలీ మనిషితో కలిసి ఉన్నా ఉన్నా అన్నారు, అదైనా తెలియాలి కదా వాళ్ళకి. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను, జాలి అడ్డం రాకుండా. జాలి పడే వంతు నాది కాదు.

చప్పుళ్ళాయన ఇంజను మోత తగ్గించాడు. బాబాయ్ కాగితాలన్నీ బల్ల మీద బోర్లించేశాడు, ఇక్కడికొచ్చాక ఆయనకి కాగితం అక్కర్లేదు.

"చుక్కాని?" పొట్టలోంచి వచ్చే కెప్టెన్ గొంతు.

"ఉన్నా."

"జీవీ?"

గ్లాసులో నీళ్ళు బుడబుడమన్నాయి. "ఉన్నా."

"మరమ్మతు?"

పెదాలు బిగించాను. బాబాయ్ మొహంలో ముందు చిరునవ్వే ఉంది, నేను ఏడుస్తున్నాననుకున్నాడో ఏమో, తర్వాత ఆ నవ్వు పోయింది. "మరమ్మతు?" అన్నాడు మళ్ళీ. వదిన ఛాతీ నిండింది, నాకు తెలుసు ఆ ఊపిరి, నా పాత గొంతు ఆమె దగ్గర ఇంకా ఉంది, ఆ చిన్న నవ్వు పెదాల దాకా వచ్చింది, అనబోతోంది, బాబాయ్ అరచెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. అద్దం వెనక ఇంజనీరు వేలు గాల్లో గిరగిరా తిప్పుతున్నాడు, కానివ్వండి కానివ్వండి అని. ఎవరూ కానివ్వలేదు. ఇదే, ఇదే నాక్కావలసింది, ఇక లేవాలి, చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి. ఇంతలో బాబాయ్ మైకుకి దగ్గరగా జరిగాడు, కెప్టెన్ గొంతు వదిలేసి సన్నటి తన సొంత గొంతుతో, మాస్టారి గొంతుతో మొదలుపెట్టాడు.

"వింటున్నవాళ్ళకి ఒక మాట. ఇది కథలోది కాదు. చలికాలం నుంచి మీరు విన్న మరమ్మతు మా మరమ్మతు కాదు. మా అమ్మాయి ఆస్పత్రిలో ఉంటే, ఇంకో అమ్మాయి చేత అదే గొంతు పలికించాం. దగ్గరుండి నేర్పించింది నేనే. మీకు చెప్పలేదు, మా అమ్మాయికీ చెప్పలేదు. తను ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉంది. పిలిస్తే పలకడం లేదు. పలకకపోవడం న్యాయమే."

వదిన చేతుల్లో మొహం దాచుకుంది. చప్పుళ్ళాయన గ్లాసు కింద పెట్టేసి నా వైపే చూస్తున్నాడు. బాబాయ్ కళ్ళు నిండి ఉన్నాయి, ఆ కళ్ళతో నన్ను చూస్తూనే, బల్ల కిందుగా ఎడమచెయ్యి చప్పుళ్ళాయనకి సైగ చేసింది, సంగీతం సిద్ధంగా ఉంచమని. నాకు కనపడింది. ఇలాంటివి రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి కదా, పెద్దవాడు తప్పు ఒప్పుకుంటాడు, చిన్నది ఏడుస్తుంది, ఉన్నా అంటుంది, వాయిద్యాలు. ఊళ్ళో ఇప్పుడు ఎంతమంది కొంగులు తడుస్తున్నాయో, మాస్టారిది ఎంత పెద్ద మనసని. నేను ఇంతకాలం పళ్ళబిగువున దాచి తెచ్చుకున్నది ఒక్క మౌనం, దాన్ని కూడా అందుకున్నాడు. ఇప్పుడు లేచి వెళ్ళినా అది ఆయన రాసిన ముగింపే అవుతుంది, ఉన్నా అన్నా ఆయనదే అవుతుంది. పీట దిగలేదు. మైకు నా వైపు లాక్కున్నాను, అది గరగరమంది, చప్పుడు చేయకూడదన్న నియమం ఏమైతే నాకేం.

"ఇంకా ఉంది కదా బాబాయ్," అన్నాను. "ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫోన్లో నాతో ఏమన్నావో, అది కూడా చెప్పు."

గరుకుగా, నడుమ చీలి, ముందు నవ్వేమీ లేకుండా వచ్చింది మాట. ముగ్గురూ ఒక్కసారిగా తలలెత్తారు, ఎవరిదో అన్నట్టు. ఈ గొంతు అందుకోవడం ఈ గదిలో ఎవరికీ రాదు.